స్టార్టరుపెట్టెలోని బిళ్లలు ఏల కాలిపోవును? – విద్యుద్భార భేదములు

మన సంఘ సభ్యులలో బోరుబావి లేనివారు కొలదిమంది మాత్రమే. బోరున్నచోట మోటారును, మోటారున్నచోట స్టార్టరుపెట్టెయు తప్పవు. మోటారు కాలినప్పుడు రైతు మోటారును నిందించును. మోటారు చుట్టువాడు కరెంటును నిందించును. కరెంటువారు రైతును నిందింతురు. కాని పెక్కు సందర్భములలో దోషము వీరెవ్వరియందును గాక, స్టార్టరుపెట్టెలో చిటికెనవ్రేలి గోరంత యుండు వెండిబిళ్లయందు ఆరంభమగుచున్నది. ఆ బిళ్ల యెట్లు అరుగును, ఏ పనికి ఎక్కువ అరుగును, ఏ పనికి తక్కువ అరుగును, దాని ఆయుర్దాయమును పెంచుటకు రైతు చేయదగిన దేమి అను విషయములను ఈ మాసమున సభ్యులకు విశదపరుపదలచితిమి.

రిలే యనగా నేమి

పూర్వము టపా గుర్రములు ఒక మజిలీవరకు పరుగెత్తి అలసినంతనే అచ్చట సిద్ధముగా నుంచిన క్రొత్త గుర్రములు టపాను అందుకొని ముందునకు సాగుచుండెను. ఇట్లు మార్చు గుర్రములకు పడమటి దేశములలో రిలే యని పేరు. తంతి తీగలపై దూరము పోయి నీరసించిన విద్యుత్తు ఒక చిన్న అయస్కాంతమును మాత్రము కదలించి, ఆ అయస్కాంతము వేరొక బలమైన విద్యుత్తును ముందునకు పంపునట్లు చేసిరి. 1835 ప్రాంతమున అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడగు జోసెఫ్ హెన్రీ ఇట్టి ఏర్పాటును కనిపెట్టెనని చెప్పుదురు. గుర్రముల పేరే దీనికిని వచ్చినది.

అందుచేత రిలే యనగా అల్పమైన విద్యుత్తుచే నడుపబడుచు అధికమైన విద్యుత్తును కలుపుచు విడదీయుచు నుండు మీట. ఇందు తీగచుట్ట యొకటి, ఆ చుట్టకు అంటుకొను ఇనుపరేకు ఒకటి, రేకుతోబాటు కదలు బిళ్ల ఒకటి, కదలక నిలుచు బిళ్ల ఒకటి యుండును. ఇదే పెద్దదై మూడు ఫేజులను ఒక్కసారి కలుపుచో దానిని కాంటాక్టరందుము. స్టార్టరులో పచ్చమీట నొక్కినప్పుడు టక్కున చప్పుడగుట కాంటాక్టరు అంటుకొనుటయే.

మన గ్రామములలో రిలే యన్న మాటను మఱియొక వస్తువునకు గూడ వాడుచున్నారు. కాంటాక్టరు క్రింద బిగించి, మోటారు మితిమీరి కరెంటు లాగినప్పుడు వేడెక్కి స్టార్టరును ఆపు ఓవర్‌లోడు రిలే యది. అది కావలివాడు, మేమిచ్చట చెప్పునది తలుపు తీయువానిగూర్చి. ఈ భేదమును పాఠకులు మనసునం దుంచుకొనవలెను.

బిళ్ల యెట్లు అరుగును

రిలేలకు రెండు ఆయుర్దాయములు కలవు. కరెంటు ప్రసరింపక ఊరక టక్కుటక్కుమని కొట్టుకొన్నచో సామాన్యమైన చిన్న రిలే సుమారు ఒక కోటి సార్లు పనిచేయును. ఇది యంత్రపు ఆయుర్దాయము. పూర్తి భారమును కలుపుచు విడదీయుచు నున్నచో అదే రిలే సుమారు ఒక లక్షసార్లు మాత్రమే పనిచేయును. ఇది విద్యుత్ ఆయుర్దాయము. కోటి యెక్కడ, లక్ష యెక్కడ! ఈ నూఱంతల భేదమునకు కారణము బిళ్లల నడుమ పుట్టు మంట.

బిళ్లలు విడిపోవునపుడు చివరకు సూదిమొనంత చోట మాత్రమే తాకియుండును. కరెంటంతయు ఆ మొనగుండ పోవుటచే అచ్చటి వెండి కరగును. వెండి 962 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును. మంట వేడియో కొన్ని వేల డిగ్రీలు. కరగిన వెండి దారమువలె సాగి తెగి, ఆ సందున నీలిమంట నిలుచును. దీనినే ఆర్కు అందురు. వెండిబిళ్లల నడుమ సుమారు 12 వోల్టులును, అర ఆంపియరుకు కొంచెము తక్కువగు ప్రవాహమును ఉన్నచో చాలును, మంట నిలుచుటకు వీలు కలుగును. మంట నిలిచిన ప్రతిసారియు కొంత వెండి ఆవిరియై పోవును.

కలియునపుడును అపాయము కలదు. బిళ్లలు ఒక్కదెబ్బతో అంటుకొనవు. సుత్తితో దాగలిని కొట్టినప్పుడు సుత్తి ఎగిరిపడునట్లు, బిళ్ల తాకి యెగిరి మరల తాకును. ఈ యెగురుట సెకనులో వెయ్యవ వంతులలో ముగియును గాని, ఆ కాలముననే భారము ఎక్కువ ప్రవాహమును లాగినచో వెండి కరగి రెండు బిళ్లలును అతుకుకొనును. విడిపోవుట వలన అరుగుదలయు, కలియుట వలన అతుకుటయు గలుగునని సంగ్రహముగా గ్రహింపవలెను.

భారములు పలువిధములు

రిలేపై 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని వ్రాసియున్నచో ఏ పనికైనను పదియాంపియర్లు పనికివచ్చునని తలంచుట పొరపాటు. తరచుగా ఆ వ్రాత వేడి పుట్టించు భారమునకు మాత్రమే వర్తించును. బస్తా వడ్లు మోయగలవాడు బస్తా బరువుగల దూడను గూడ మోయగలడనుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే. బరువు ఒక్కటే యైనను వడ్లబస్తా కదలదు, దూడ తన్నుకొనును. భారము యొక్క స్వభావమును బట్టి బిళ్లపై పడు బాధ మారును.

వేడి పుట్టించు భారము: నీరు కాచు హీటరు, కోడిపిల్లల కొట్టములోని వేడితీగలు ఈ జాతివి. కలిపిన క్షణమున ఎంత ప్రవాహమో, తరువాతను ఇంచుమించు అంతే. విడదీయునపుడు తన్నుకొనదు. బిళ్లకు ఇంతకంటె సాధువైన భారము లేదు. అయినను లెక్క చూడవలెను. వేడిని సమముగా నుంచుటకు రిలే నిమిషమునకొకసారి కలిపి విడదీయుచున్నదనుకొనుడు. రోజునకు 1,440 సార్లు. లక్షసార్లు పూర్తియగుటకు 70 దినములు కూడ పట్టదు. సాధుభారమైనను పని యెక్కువైనచో ఆయువు త్వరగా తీరును. ఇట్టిచోట బిళ్లలులేని ఘనస్థితి రిలేను, దాని వేడిని పోగొట్టు అల్యూమినియము రేకుతో సహా అమర్చుకొనుట మేలు.

దీపముల భారము: తంతుదీపము చల్లగానున్నప్పుడు దాని తీగకు నిరోధము మిక్కిలి తక్కువ. అందుచే వెలిగించిన క్షణమున మామూలు ప్రవాహమునకు 10 మొదలు 15 రెట్లు లాగి, తీగ వేడెక్కినపిదప తగ్గును. కోడిపిల్లలకు వెచ్చదనమునకై పెట్టు దీపముల వరుసను ఒక్క రిలేతో వెలిగించుచో మొత్తము వాట్లు స్వల్పముగనే యున్నను బిళ్లలు అతుకుకొనుట ఇందువలననే. ఎల్‌ఈడీ దీపములు తక్కువ కరెంటు తినునని అందరెఱుగుదురు. కాని వానిలోపలి చిన్న కెపాసిటరు నిండుటకై తొలి క్షణమున అవియు అధికముగనే లాగును. కావున ఎల్‌ఈడీ దీపముల వరుసకు వాట్లు మాత్రమే చూచి రిలేను ఎన్నుకొనరాదు.

మోటారు భారము: ఇది మన రైతులకు ముఖ్యమైనది. 5 అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు నడుచునపుడు ఫేజునకు సుమారు 7 ఆంపియర్లు లాగును. నేరుగా స్టార్టు చేయునపుడు మాత్రము అంతకు ఆరు రెట్లు, అనగా 40 ఆంపియర్లకు పైగా లాగును. బరువుబండిని కదలించునపుడు ఎద్దులు మెడలు వంచి లాగి, కదలినపిదప సులువుగా నడచునట్లే యిది. కావున కలియునపుడు బిళ్లలకు ఆరింతల బాధ.

ఆపునపుడు మాత్రము దైవానుగ్రహమువలె ఒక సదుపాయము కలదు. తిరుగుచున్న మోటారు తానును కొంత వోల్టేజి పుట్టించును. అది వచ్చు వోల్టేజికి ఎదురు నిలుచుటచే, విడిపోవు బిళ్లల నడుమ సుమారు ఆరవవంతు వోల్టేజి మాత్రమే మిగులును. మంట చిన్నది. నడుచుచున్న మోటారును ఆపుట కాంటాక్టరుకు సులువైన పని. ఇట్టి పనికి తగిన కాంటాక్టరును ఏసీ-3 తరగతి యందురు. కాని మోటారు ఇంకను వేగము నందుకొనకమునుపే ఆపినచో, ఆరింతల ప్రవాహమును పూర్తి వోల్టేజితో విడదీయవలసివచ్చును. మంట పెద్దది. ఇట్టి పని ఏసీ-4 తరగతికి చెందును. అందు బిళ్లల ఆయువు ఏసీ-3 పనిలోని ఆయువునకు పదవవంతుకంటెను తక్కువగుట సామాన్యము. ఇసుక పట్టిన పంపును కదలించుటకై పచ్చమీట, ఎఱ్ఱమీట మార్చి మార్చి నొక్కువారు తమ కాంటాక్టరు ఆయువును తామే హరించుచున్నారని తెలిసికొనవలెను.

తీగచుట్టల భారము: కాంటాక్టరు చుట్ట, బిందుసేద్యపు వాల్వు చుట్ట ఈ జాతివి. ఇవి లాగు ప్రవాహము స్వల్పమే. కాని చుట్టయందు అయస్కాంతశక్తి నిలువయుండును. పొడుగైన పైపులో వేగముగా పోవు నీటిని వాల్వు దబ్బున మూసి ఆపినచో నీరు వెనుకకు తన్ని పైపు పగులును గదా. చుట్టలోని ప్రవాహమును బిళ్ల తటాలున తెంచినప్పుడును అట్లే వోల్టేజి ఎగసిపడును. 12 వోల్టుల చుట్ట కూడ ఆ క్షణమున కొన్ని వందల వోల్టులను పుట్టింపగలదు. ఆ వోల్టేజి బిళ్లల సందున మంటను నిలుపును. కావుననే చుట్టలకును మోటారులకును వాడునపుడు రిలేపై వ్రాసిన ఆంపియర్లలో మూడవవంతు మొదలు సగమువరకే లెక్కలోనికి తీసికొనుట క్షేమము.

కెపాసిటరు భారము: ఆంధ్రప్రదేశమున 2005 ప్రాంతమున ఉచిత విద్యుత్తునకు అర్హత పొందుటకై రైతులు తమ పంపులకు కెపాసిటరు, ఘర్షణ తక్కువగల ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్ పైపు, ఐఎస్ఐ గుర్తుగల పంపుసెట్టు అమర్చుకొనవలెనని నియమము లేర్పడెను. కెపాసిటరు మేలైన వస్తువే. లైనుపై భారమును తగ్గించును. కాని కరెంటు లేని కెపాసిటరు ఎండిన చెఱువువంటిది. తూము తీసినంతనే నీరు వరదవలె ఉఱుకునట్లు, కలిపిన క్షణమున మహాప్రవాహము లోనికి ఉఱుకును. ఇది అత్యల్పకాలమే నిలుచును గాని, బిళ్లలు తాకి యెగురు కాలమునందే వచ్చుటచే అతుకుటకు కారణమగును. ఆపిన వెంటనే మరల స్టార్టు చేసినచో, ఇంకను నిండియున్న కెపాసిటరునకు లైనుతో పొసగక ప్రవాహము మఱింత హెచ్చును. అందుచే ఆపిన తరువాత 3 నిమిషములైనను ఆగి మరల స్టార్టు చేయవలెను.

ఏకముఖ ప్రవాహము: లైనునుండి వచ్చు విద్యుత్తు దిక్కు మార్చుకొనుచు సెకనుకు 100 సార్లు సున్నయగును. బిళ్లల నడుమ మంట పుట్టినను సెకనులో నూఱవ వంతుకాలమున దానికి ఊపిరి ఆగును. బ్యాటరీనుండియు, సూర్యఫలకములనుండియు వచ్చు విద్యుత్తు ఏకముఖమైనది. అది సున్న కాదు. మంట పుట్టినచో దానంతట అది ఆరదు. కావుననే 250 వోల్టుల లైను కరెంటు 10 ఆంపియర్లను విడదీయు సామాన్యపు రిలే, ఏకముఖమైనచో 30 వోల్టులకు మించి ఆ 10 ఆంపియర్లను విడదీయజాలదు. వోల్టేజి 110 ప్రాంతమునకు పెరిగినచో అర ఆంపియరైనను కష్టమే. మఱియు వెండి ఎల్లప్పుడు ఒక బిళ్లనుండి రెండవదానికే పోవుటచే ఒకదానిపై గుంటయు రెండవదానిపై మొనయు ఏర్పడి, అవి ఒకదానిలో నొకటి చిక్కుకొనును.

2019లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన పీఎం-కుసుమ్ పథకము మొదలుగాగల ఏర్పాట్లచే సౌర పంపులు గ్రామములకు వచ్చుచున్నవి. ఈ పంపుల ఫలకములను వరుసగా కలిపినచో కొన్ని వందల వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉండును. మామూలు ఇంటి మీటను గాని, లైనుకరెంటు రిలేను గాని ఈ తీగలలో పెట్టుట ఇంటికి నిప్పు పెట్టుకొనుటతో సమానము. ముందుగా కంట్రోలరు వద్ద పంపును ఆపి, ప్రవాహము నిలిచినపిదపనే ఏకముఖ విద్యుత్తునకై తయారైన మీటను విడదీయవలెను.

అత్యల్ప భారము: భారము మిక్కిలి తక్కువయైనను చిక్కు కలదు. తేమను గాని, బావి నీటిమట్టమును గాని తెలుపు పరికరములలో ప్రవాహము వెయ్యవ వంతు ఆంపియర్లలో నుండును. పశువుల కొట్టముల దగ్గఱి గంధకపు ఆవిరులచే వెండి నల్లబడును. పెద్ద ప్రవాహము ఆ నలుపును కాల్చివేసికొని పోవును. చిన్న ప్రవాహము పోజాలదు. అట్టిచోట బంగారుపూతగల బిళ్లలు వాడుదురు. పెద్ద భారమును మోసిన పాత రిలేను అట్టి సున్నితమైన పనికి మార్చరాదు.

లోవోల్టేజి చేయు చేటు

ఇంతవరకు భారముల స్వభావమును చెప్పితిమి. మన పొలములలో బిళ్లలను అధికముగా చంపునది లోవోల్టేజి. కాంటాక్టరు చుట్టపై వ్రాసిన వోల్టేజిలో నూటికి 85 వంతులున్నచో అది తప్పక అంటుకొనవలెనని కొలత. 415 వోల్టుల చుట్టకు ఇది సుమారు 353 వోల్టులు. నూటికి 75 వంతులకు, అనగా సుమారు 311 వోల్టులకు తగ్గినపిదప అది ఎప్పుడైనను జారవచ్చును.

లైనులో 350 వోల్టు లున్నవనుకొనుడు. కాంటాక్టరు ఎట్లో అంటుకొనును, మోటారు ఆరింతలు లాగును, అంతట వోల్టేజి ఇంకను పడిపోవును, కాంటాక్టరు జారును, మోటారు విడిపోగానే వోల్టేజి లేచును, పచ్చమీటను నొక్కిపట్టి యున్నచో, లేక ఆటో స్టార్టరున్నచో మరల అంటుకొనును. ఇట్లు టకటకమని కొట్టుకొనుచుండును. సెకనుకు 10 సార్లు కొట్టుకొన్నచో నిమిషమునకు 600 సార్లు, అరగంటకు 18,000 సార్లు. అందు ప్రతిసారియు ఆరింతల ప్రవాహముతో కలియుటయు, ఆరింతల ప్రవాహముతో విడిపోవుటయు జరుగును. రోజునకు నాలుగుసార్లు పంపు వేయు రైతునకు ఏడాదికి 1,460 సార్లే. పండ్రెండేండ్లలో జరుగవలసిన పనికంటె ఎక్కువ అరగంటలో జరిగినదన్నమాట.

కరెంటు వచ్చిన క్షణము

ఒక 63 కేవీఏ ట్రాన్సుఫార్మరుపై 10 మంది రైతుల 5 అశ్వశక్తుల మోటారు లున్నవనుకొనుడు. అన్నియు నడుచునపుడు 70 ఆంపియర్లు. ఆ ట్రాన్సుఫార్మరు 433 వోల్టుల వద్ద 84 ఆంపియర్ల వఱకు ఈయగలదు. బాగుగనే యున్నది. కాని పదిమందికిని ఆటో స్టార్టరులున్నచో కరెంటు వచ్చిన క్షణముననే పది మోటారులును ఒక్కుమ్మడి లేచును. 420 ఆంపియర్లు కావలెను. ట్రాన్సుఫార్మరు శక్తికి ఐదింతలు! వోల్టేజి కూలిపోవును, కాంటాక్టరులు కొట్టుకొనును, బిళ్లలు అతుకుకొనును, ఫ్యూజులు పోవును, కొన్నిసార్లు ట్రాన్సుఫార్మరే పోవును.

తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్ సరఫరా ప్రారంభింపబడెను. దానికి ముందు ఆటో స్టార్టరులను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరెను. ఎల్లవేళల నీరు తోడి భూగర్భజలము తఱుగుటయే అందు ముఖ్య విచారము. ట్రాన్సుఫార్మరులను కాపాడుకొనుటయు మఱియొక ప్రయోజనము.

పాడైన బిళ్ల చేయు అపకారము

కాంటాక్టరులో మూడు జతల బిళ్లలు కలవు. అందొకటి అరిగి తాకకపోయినచో మోటారునకు రెండు ఫేజులే చేరును. మోటారు ఆగక మూలుగుచు తిరుగును. మిగిలిన తీగలలో ప్రవాహము సుమారు 1.73 రెట్లగును; చుట్టలు మాడిపోవును. ఓవర్‌లోడు రిలే సరిగా అమర్చియున్నచో ఆపును. కాని మాటిమాటికి ఆగుచున్నదని దానిని తప్పించి తీగలు నేరుగా కలిపినవారి మోటారును కాపాడు నాథుడు లేడు.

అతుకుకొన్న బిళ్ల అంతకంటెను ప్రమాదకరము. మూడింటిలో రెండు అతుకుకొన్నచో ఎఱ్ఱమీట నొక్కినను రెండు ఫేజులు పోవుచునే యుండి మోటారు మాడును. మూడును అతుకుకొన్నచో మీట నొక్కినను పంపు ఆగదు. బోరులో నీరు తగ్గినను తిరిగి తిరిగి పంపు ఎండి చెడును. ఒక్కటే అతుకుకొన్నచో మోటారు ఆగును. కాని తీగలలో కరెంటు ఉండును. మోటారు ఆగినది గదా యని రైతు తడికాళ్లతో నిలిచి తీగను పట్టుకొన్నచో ప్రాణమే పోవును. మోటారు చుట్టుకూలి మరల సంపాదించుకొనవచ్చును. ప్రాణము పోయిన నేమి చేయగలము? స్టార్టరు ఆపుట వేరు, కరెంటు తీయుట వేరు. ఈ యొక్క వాక్యమును ప్రతి సభ్యుడును తన కుమారులకును పాలేర్లకును బోధించవలెను.

రైతు చేయవలసిన పనులు

1. కాంటాక్టరు కొనునపుడు ఏసీ-3 తరగతి ఆంపియర్లను అడిగి చూడవలెను. హీటరులకు చెప్పు ఏసీ-1 అంకె పెద్దదిగా నుండును. దానిని చూచి మోసపోరాదు.

2. చిన్న రిలేతో మోటారును నేరుగా నడుపరాదు. సెల్‌ఫోను స్టార్టరులలోను, టైమరులలోను ఉండు చిన్న రిలే కాంటాక్టరు చుట్టను మాత్రమే నడుపవలెను. కాంటాక్టరు మోటారును నడుపవలెను. ఇది టపాగుర్రముల న్యాయమే.

3. చుట్టల తన్నును చల్లార్చు సాధనమును అమర్చించుకొనవలెను. ఏకముఖ విద్యుత్తుతో నడుచు చుట్టకు ఒక డయోడును తిరుగుదిక్కుగా కట్టిన చాలును. లైనుకరెంటు చుట్టకు డయోడు పనికిరాదు, కట్టినచో కాలిపోవును, దానికి 0.1 మైక్రోఫారడు కెపాసిటరును 100 ఓముల నిరోధకమును వరుసగా చేర్చిన జోడును గాని, వారిస్టరను బిళ్లను గాని వాడుదురు. లైనుకరెంటునకు తగిన కెపాసిటరునే వాడవలెను. ఈ జోడును చుట్టకు బదులు రిలే బిళ్లలకు అడ్డముగా కట్టినచో, రిలే విడిపోయినను అందుగుండ సుమారు 7 మిల్లీఆంపియర్లు పోవుచుండును. కనుక ఆరిన దీపము మిణుకుమన్నను ఆశ్చర్యపడరాదు, తీగను ముట్టరాదు.

4. దీపములకును ఆరింతలు లాగు మోటారులకును వాడు రిలేలలో వెండితో తగరపు ఆక్సైడు కలిసిన బిళ్లలు అతుకుటకు ఎక్కువగా ఓర్చుకొనును. వెండి, నికెలు కలిసిన బిళ్లలు హీటరులవంటి సాధుభారములకు చాలును.

5. లోవోల్టేజి వచ్చినచో తానే ఆగి, వోల్టేజి నిలుకడయైనపిదప కొంతకాలము ఆగి స్టార్టగు ఏర్పాటు లేనిదే ఆటో స్టార్టరు పెట్టరాదు. కాంటాక్టరు టకటక కొట్టుకొనుట వినబడినచో వెంటనే మెయిను తీయవలెను.

6. 5 అశ్వశక్తులకు మించిన మోటారునకు ఆరు తీగలు బయటికి వచ్చియున్నచో స్టార్-డెల్టా స్టార్టరు మేలు. లైనునుండి లాగు ప్రారంభపు ప్రవాహము మూడవవంతునకు తగ్గును.

7. నల్లబడిన వెండిబిళ్లలను ఆకురాతితో గాని ఇసుకకాగితముతో గాని రాయరాదు. ఆ నలుపు పని చెఱుపదు. రాచినచో ఉన్న వెండి పోవును. ముత్యమువలె బొడిపె లేచినను, వెండి అరిగి లోపలి రాగి కనబడినను బిళ్లలను మూడుజతలును ఒక్కసారి మార్పింపవలెను.

8. ఆరు మాసములకొకసారి మెయిను తీసి, ఫ్యూజులు ఊడదీసి, పరీక్షదీపముతో మూడు ఫేజులును లేవని చూచుకొని, స్టార్టరుపెట్టెలోని దుమ్మును, సాలెగూళ్లను, బల్లిగ్రుడ్లను తుడిపింపవలెను. ఇనుపరేకు నడుమ దుమ్ము చేరినచో కాంటాక్టరు పూర్తిగా అంటుకొనక చుట్ట మాడును, బిళ్లలు వదులుగా తాకి వేడెక్కును. మరలు బిగువుగా నున్నవో లేవో చూడవలెను. తెలియనివారు తెలిసిన మేస్త్రీచే చేయించుకొనవలెను.

సంఘము చేయదగిన పని

పైన చెప్పిన ఎనిమిదింటిలో ఏడు ఏ రైతు కారైతు చేసికొనదగినవి. ఐదవది మాత్రము ఒక్కరితో కాదు. ఒక ట్రాన్సుఫార్మరుపై తొమ్మిదిమంది ఆగి స్టార్టు చేసినను, పదవవాడు తొందరపడినచో కీడు స్వల్పమే. తొమ్మిదిమంది తొందరపడినచో ఒక్కని ఓర్పు వ్యర్థము. కావున ఒక్కొక్క ట్రాన్సుఫార్మరు రైతులు ఒకచోట కూర్చుండి వరుస యేర్పరచుకొనవలెను. కరెంటు వచ్చిన అర నిమిషమునకు మొదటివారు, నిమిషమునకు రెండవవారు, ఒకటిన్నర నిమిషమునకు మూడవవారు – ఇట్లు పదిమందియు ఐదు నిమిషములలో స్టార్టు చేయవచ్చును. ఒక్కసారి 420 ఆంపియర్లు కావలసినచోట, చివరి మోటారు లేచునపుడు సైతము 63 ఆంపియర్లపై 42 మాత్రమే చేరి 105 అగును. అదియు కొలది సెకనులే. టైమరుగల స్టార్టరులున్నచో ఈ వరుసనే టైమరులలో అమర్చుకొనవచ్చును. నీళ్లవంతులు వేసికొని కాలువ పారించుకొనుట మన పెద్దలకు క్రొత్త గాదు. కరెంటు వంతులు వేసికొనుట మనకు మాత్రము అసాధ్యమా?

భీమవరము ప్రాంతమున చేపల, రొయ్యల చెఱువులలో గాలి చిలుకు యంత్రములను నడుపు సభ్యులకు ఈ వరుస మఱింత అవసరము. ఒక చెఱువుపై పెక్కు చిన్న మోటారులుండును. రాత్రివేళ కరెంటు పోయివచ్చినపుడు అన్నియు ఒక్కసారి లేచి బిళ్లలు అతుకుకొన్నచో, తెల్లవారునప్పటికి చెఱువులోని ప్రాణవాయువు తఱిగి పంటయంతయు పోవును. వారు యంత్రములను రెండు మూడు జట్లుగా విభజించి, జట్టు వెంట జట్టుగా స్టార్టగునట్లు అమర్చుకొనవలెను.

సంఘపు కొట్టులో మేలైన కాంటాక్టరు బిళ్లల జతలను, చుట్టలను, వారిస్టరులను నిలువయుంచి సభ్యులకు అసలు ధరకు ఇచ్చుటయు, ఆరు మాసములకొకసారి మేస్త్రీని పిలిపించి వరుసగా స్టార్టరుపెట్టెలను చూపించుటయు సంఘమునకు తగిన సేవ యని మా అభిప్రాయము. రాబోవు సర్వసభ్య సమావేశమునకు వచ్చునపుడు ప్రతి సభ్యుడును తన ట్రాన్సుఫార్మరుపై ఎన్ని మోటారులు కలవో, ఎన్నింటికి ఆటో స్టార్టరులు కలవో ఒక చీటిపై వ్రాసికొని రావలెనని కోరుచున్నాము. ఆ చీటీలను ముందుంచుకొని వరుసలను అచ్చటనే నిర్ణయించుకొందము.